డెబ్బై తొమ్మిదో దెబ్బ

తెల్లారంగ మబ్బు పట్టింది. చినుకు రాలకముందే విడిపోయి చెరుకు తోటల మీద ఎండ పడింది. హైదరాబాద్ బస్సు దిగిన తండ్రీ బిడ్డా బోధన్ శివారులోని ఇంటికి నడిచి వచ్చేసరికి శారమ్మ రొట్టెలు చేస్తోంది.

పోయేటప్పుడు గోల్ఫ్ కర్రల సంచి సీమోను భుజాన ఉంది. ఇప్పుడు రెబెకా భుజాన ఉంది. సీమోను లోపలికి రాలేదు. నల్లా కాడ కూర్చుని, కుడి బూటు ముక్కు మీది పచ్చటి గడ్డి మరకను ఇటుక ముక్కతో రుద్దుతున్నాడు.

“ఏమైంది బిడ్డా? తీసుకున్నరా?”

“లేదమ్మా. డెబ్బై ఎనిమిది దెబ్బల్ల ఆట ముగియాలె. నాది డెబ్బై తొమ్మిదైంది.”

“ఒక్క దెబ్బకేనా?”

“ఒక్కదానికే.”

శారమ్మ పెనం దించేసింది. ఎంపికైతే హైదరాబాద్ గోల్ఫ్ అకాడమీ వాళ్ళే హాస్టల్లో ఉంచి, కాలేజీ చదివిస్తూ ఆట నేర్పుతారు. పద్దెనిమిది నిండినవాళ్ళను తీసుకోరు. వచ్చే నెలకు రెబెకాకు నిండుతాయి.

“గా ఒక్కటి ఎట్ల ఎక్కువైంది?”

“ఆఖరి గుంట కాడ బంతి చెట్టు వేరు ఎన్క ఆగింది. నా కాలు తగిలి జరిగింది. జరిగితే మల్ల అదే జాగల పెట్టి, ఒక దెబ్బ ఎక్కువ రాసుకోవాలె.”

“ఎవ్వలు సూసిండ్రు?”

“ఎవ్వలు సూడలే. తక్కిన పిల్లలు అటు దిక్కున్నరు.”

“మీ బాపు?”

“సంచి పట్టుకొని ముందుగాల్నే పోయిండు.”

“మరెందుకు జెప్పినవే?”

రెబెకా భుజం మీది సంచిని దించి గోడకు ఆనించింది.

శారమ్మ నల్లా వైపు చూసింది. చక్కెర ఫ్యాక్టరీ నడిచిన కాలంలో ఆఫీసర్ల గోల్ఫ్ మైదానంలో సంచులు మోస్తూ ఆట పట్టుకున్నాడు ఈ మనిషి. ఫ్యాక్టరీ బంద్ పడ్డాక చెరుకు కొట్టేసిన చేన్లలో బిడ్డకు నేర్పాడు. ఏడేళ్ళ పిల్లకు మొదటి రోజే చెప్పాడు: “ఈ ఆటల అంపైర్ ఉండడు. నీకు నువ్వే.”

ఆ మాట పిల్లకు ఎముకల్లో పట్టింది. పదేళ్ళప్పుడు బంతి తగిలి చర్చి కిటికీ అద్దం పగిలితే, ఎవరూ అడగకముందే పాస్టరు ఇంటికి పోయి చెప్పి వచ్చింది. పదో తరగతిలో సారు నాలుగు మార్కులు ఎక్కువ కూడితే తిరిగి ఇచ్చేసి, ఫస్టు ర్యాంకు తన క్లాసులోని శేఖర్‌కు వదిలేసింది. అబద్ధమాడటం దానికి రాదు.

“గిది నీ పనే,” అంది శారమ్మ మొగుడితో. “నిజం జెప్పు, నిజం జెప్పు అని దాని నోట్లె మన్ను గొట్టినవ్. ఇగ నీ లెక్కనే చెరుకు కొడ్తది.”

సీమోను మరకను రుద్దుతూనే ఉన్నాడు.

“నోట్లె నాలిక లేదా?”

“అమ్మా, బాపునేమనకు.”

“ఎందుకనొద్దు? గాయిన నీతులు జెప్పకుంటె నువ్వియ్యాల హాస్టల్ల ఉందువు.”

“బాపు నేర్పకుంటె గా మైదానం దాక గూడ పోకపోదును.”

“సూసినవా, ఎట్ల ఎనకేసుకొస్తదో,” అంది శారమ్మ, మళ్ళీ పెనం పెడుతూ.

మరక పోలేదు. సీమోను బూట్లు గోడ పక్కకు పెట్టి, కాళ్ళు కడుక్కొని లోపలికొచ్చాడు.

ముగ్గురూ కింద కూర్చున్నారు. జొన్నరొట్టె, పుంటికూర. తినే ముందు ప్రార్థన ఎప్పుడూ సీమోనే చేస్తాడు. శారమ్మ కొంగు తల మీదికి లాక్కొని కాసేపు చూసింది. ఆయన నోరు తెరవలేదు. ఆమె వడ్డించింది.

రొట్టెలు తుంచే చప్పుడే వినిపిస్తోంది. సీమోను పళ్ళెం అట్లాగే ఉంది. రెబెకా ఒక ముక్క తుంచి, కూర అద్ది, బాపు పళ్ళెంలో పెట్టింది.

సీమోను ఆ ముక్కను చేతిలోకి తీసుకొని, మళ్ళీ పళ్ళెంలోనే పెట్టాడు.

“శారా, వేరు ఎన్కకెల్లి బంతిని తన్నింది నేను.”