రెండు గంటలకో ఫోను

దీప ఫోను మోగింది.

ఎన్నో ఆదివారాల తర్వాత సెలవు దొరికి భర్త దివాకర్ ఇంట్లోనే ఉన్నాడు. తెర మీద పేరు చూశాడు. లక్ష్మీరాజం అన్న.

"ఎవడీ లక్ష్మీరాజం?"

"మామను తిప్పుమని యాది చేస్తడు," అంటూ దీప ఫోను ఎత్తింది. "ఆ అన్నా, గిప్పుడే తిప్పుతున్న. లేదన్నా, యాడా ఎర్రగ లేదు. మడిమెలు పరుపుకు తగులకుంట మెత్త వెట్టిన."

ఫోను పెట్టేసి, మామ సాయిలును పక్కకు తిప్పింది. వీపు వెనక ఒక దిండు, మోకాళ్ల నడుమ ఒక దిండు సర్దింది.

సాయిలు కల్లు గీసేవాడు. నాలుగు నెలల కింద మోకు జారి తాటిచెట్టు మీంచి పడ్డాడు. నడుము కింద స్పర్శ పోయింది. రుద్రంగిలోని ఆ ఇంట్లో పగలంతా ఆయనా, కోడలే. దివాకర్ కోరుట్లలో మోటార్లకు వైండింగ్ చేసే షాపులో పనిచేస్తాడు.

రెండు గంటల తర్వాత మళ్లీ అదే ఫోను. ఇంకో రెండు గంటలకు మళ్లీ.

దివాకర్ ఫోను లాక్కుని పాత కాల్స్ అన్నీ చూశాడు. రోజుకు ఏడుసార్లు. మూడు నెలల నుంచి.

"జగిత్యాల దవాఖానల ఫిజియోథెరపీ కల్పన మేడం ఆయనకు మన నంబరిచ్చింది," అంది దీప. "పుండ్లు పడకుంట చూసుకోవాలె గదా."

"ఎన్నడన్న ఇంటికొచ్చిండా?"

"రాలే. నేను మొకం గూడ సూడలే."

"మొకం సూడని మొగోడు దినాం ఏడుసార్లు నీకెందుకు చేస్తడే?"

దీప అతనికేసి చూసింది.

ఆరింటికి ఫోను మోగగానే దివాకరే ఎత్తాడు.

"చెల్లె, మామను..."

"ఎవలురా నీకు చెల్లె? పనిపాట లేదా నీకు? పరాయి ఆడోళ్లకు ఫోన్లు చేసుడేనా?"

అవతలి గొంతు తగ్గింది.

"మల్ల చెయ్యనన్నా. పెద్దమనిషిని మాత్రం తిప్పుండ్రి. ఎర్రమచ్చ అయితే ఏలు వెట్టి ఒత్తి సూడుండ్రి. తెల్లబడకపోతే ఆ పక్క పండవెట్టద్దు. రుద్దద్దు."

దివాకర్ ఆ నంబరును బ్లాక్ చేశాడు.

దీప తర్వాత ఆ పేరే ఎత్తలేదు. పనుల్లో పడితే పొద్దు తెలిసేది కాదు. సాయిలుకు నొప్పి తెలియదు కాబట్టి తిప్పమని అడిగేవాడు కాదు.

ఇరవై రోజులకు నడుము చివర ఎముక దగ్గర ఎర్రమచ్చ కనిపించింది. దివాకర్ కొబ్బరినూనె రాసి గట్టిగా రుద్దాడు. పౌడరు చల్లాడు. మచ్చ నల్లబడింది. తోలు ఊడింది. వాసన మొదలైంది. చలిజ్వరంతో తండ్రి వణికిపోతుంటే జగిత్యాలకు తీసుకుపోయాడు.

డాక్టరు కుళ్లిన కండ తీసేశాడు. అక్కడ పిడికిలి పట్టేంత గుంత మిగిలింది.

"మానడానికి నెలలు పడుతది," అన్నాడు.

కల్పన మేడం వార్డుకు వచ్చి కేసు కాగితం చూసింది.

"మూడు నెలలు చిన్న మచ్చ గూడ లేకుండె. లక్ష్మీరాజం ఫోన్ చేస్తలేడా?"

దివాకర్ దీప వైపు చూశాడు. ఆమె మామ దుప్పటి సర్దుతూ ఉంది. ఆమె నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది అతనికి.

"నేనే బంద్ చేయించిన మేడం. నోటికొచ్చినట్టు తిట్టిన."

అక్కడే దీప ఫోనులో ఆ నంబరు అన్‌బ్లాక్ చేసి ఫోను చేశాడు. స్విచ్ఛాఫ్.

"వారం సంది నాకు గూడ కలుస్తలేదు," అని కల్పన మేడం ఊరి పేరు, ఇంటి గుర్తు చెప్పింది.

సాయిలు జ్వరం తగ్గాక దివాకర్ బండి మీద ఎల్లారెడ్డిపేట దాటి ఆ ఊరికి పోయాడు. ఎట్లా మొదలుపెట్టాలో, ఏమని క్షమాపణ అడగాలో దారంతా అనుకుంటూనే ఉన్నాడు.

రేకుల ఇల్లు. అరుగు మీద ఒక ముసలమ్మ. పేరు కొమురవ్వ.

"లక్ష్మీరాజం ఉన్నడా అవ్వా?"

"నా కొడుకే. పోయిండయ్యా. పదకొండు దినాలాయె."

దివాకర్ గడపలోనే నిలబడిపోయాడు. లోపల ఖాళీ ఇనుప మంచం. తల వైపు పట్టీకి చువ్వ కట్టి, దానికి బటన్ల ఫోను బిగించి ఉంది. దిండు మీద ఒక పుల్ల. దాని కొసన పంటి గాట్లు.

"గదేంది అవ్వా?"

"మస్కట్ల బిల్డింగు మీంచి పడ్డడు. ఎనిమిదేండ్లాయె. మెడ కింద ఏం కదలకపోతుండె. గా పుల్ల నోట్ల వట్టుకొని తొమ్మిది ఇండ్లకు ఫోన్లు కొట్టేటోడు."



"ఎట్ల పోయిండు?"

"పుండు. వాళ్ల నాయిన ఉన్నన్నొద్దులు మచ్చ గూడ పడనియ్యలే. నిరుడు ఆయన పాయె. నేను పొద్దుగాల ఒక పక్కకు పండవెట్టి కూలికి పోతే, మల్ల మాపటికి అచ్చి తిప్పేదాన్ని. నడుమల వాన్ని తిప్పేటందుకు ఎవలున్నరు కొడుకా?"