స్వామికి కాస్త గట్టిగా

ఆ శివాలయం ఎప్పటిదో ఎవరికీ తెలియదు. స్థలపురాణం వయసు మాత్రం అక్కడి పూజారిగారి చెవుడు వయసంతే.

చెవుడు మొదలైన కొత్తల్లో ఆయన ఒకరి గోత్రం ఇంకొకరికి చదివేశాడు. అర్చన చేయించుకుంటున్న ఇల్లాలు నొసలు ముడిచింది. చెవుడు సంగతి బయటపడితే హారతి పళ్లెం ఇంకొకరి చేతికి పోతుంది. ఏం చెయ్యాలో తోచక పూజారి నోటికొచ్చింది అనేశాడు.

"స్వామికి వినపడలేదమ్మా. కాస్త గట్టిగా చెప్పు."

అంతే, ఆ మాట ఇంటింటికీ పాకింది. దానికి కాళ్లూ చేతులూ మొలిచి కథ కూడా తయారైంది. శివుడు హాలాహలం మింగి గొంతులో ఆపాడు కదా, ఆ వేడికి చెవులు మూసుకుపోయాయట. గడప మీది శాసనంలో నీలకంఠేశ్వరుడని ఉంటే ఉండనీ, జనం నోట ఆయన చెవిటి శివయ్య అయిపోయాడు. గోత్రనామాలే కాదు, కోరికలు కూడా కేకలేసి చెప్పుకోవడం ఆచారమైంది. పూజారి బతికిపోయాడు.

మధ్యలో కొన్ని కొంపలు మునిగాయి, అది వేరే సంగతి. ఒక కోడలు, మా అత్తగారిని చిన్నకొడుకు దగ్గరికి తోలెయ్యి తండ్రీ అని అరిచింది. ఆ అత్తగారు వెనకే వరసలో ఉంది. ఇంకేముంది, ఈ అరుపులు ఆపించాలంటూ పైవాళ్లకి ఫిర్యాదు వెళ్లింది.

విచారణకి అధికారి వస్తున్నాడని తెలిసి పూజారికి ముద్ద దిగలేదు. జనం గొంతు తగ్గిస్తే ఆయన పని అయిపోయినట్టే. భార్య ధైర్యం చెప్పింది. స్తంభం పక్కన నిలబడి సైగలు చేస్తానంది.

సైగల అవసరమే రాలేదు. అధికారి గొంతు అలాంటిది. ఈ పురాణానికి ఆధారమేమిటని ఆయన గద్దిస్తే ప్రతి ముక్కా ఖంగుమని వినపడింది. గద్దింపు కూడా వరమవుతుందని పూజారికి ఆరోజే తెలిసింది. బెదురు దాచుకోవడానికి తనూ గొంతు పెంచి కథంతా అప్పజెప్పాడు. అధికారి ఆయన నోటివంకే కళ్లార్పకుండా చూస్తూ విన్నాడు.

గుమాస్తా ఫిర్యాదు చదవబోతే కాగితం లాక్కుని తనే చూసుకున్నాడు. అత్తగారు దగ్గరికొచ్చి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని తన గోడంతా వెళ్లబోసుకుంది.

"చాలా సంతోషమమ్మా," అన్నాడు అధికారి.

ఆవిడ తెల్లబోయింది. అధికారులు మన మొర ఎప్పుడు విన్నారు గనక అని పక్కవాళ్లు గొణుక్కున్నారు.

చివరికి ఆయన తేల్చేశాడు. "ఇది గుడి ఆచారం. మార్చడానికి మనమెవరం? ఇక్కడ అందరూ గట్టిగానే మాట్లాడాలి."

స్తంభం పక్కన పూజారి భార్య కళ్లు తుడుచుకుంది. పూజారికైతే పోయిన ప్రాణం లేచొచ్చింది. అధికారికి విభూతి పెట్టి, తమరు కూడా ఏదైనా కోరుకోండి బాబూ అని అరిచినంత పని చేశాడు.

వెనక గుమాస్తా, డ్రైవరు, ఊళ్లోవాళ్లు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. అధికారి వాళ్లని ఓసారి చూసి, గర్భగుడి వైపు వంగి, కళ్లు మూసుకుని, తన మటుకు తను మెల్లగానే గొణుక్కున్నాడు. ఆ గొణుగుడికి గోపురం మీది పావురాలు ఎగిరిపోయాయి.

"స్వామీ, నా చెవుడు సంగతి మా ఆఫీసులో ఎవరికీ పొక్కనివ్వకు."