ఈరన్న సార్ శిష్యురాలు

“సార్, ఏపీఐ అంటే ఏంది సార్?”

ఈ ప్రశ్న అడగడానికి జబీన్ పడిన అవస్థ ఆ దేవుడికే తెలియాలి. బెంగళూరు కంపెనీలో పదేళ్లుగా ఆమెకు అన్నం పెడుతున్నవే ఆ ఏపీఐలు. అలాంటిది, ఓనమాలు కూడా రాని పిల్లలా మొహం పెట్టి, నవ్వు రాకుండా పెదవి బిగబట్టి కూర్చుంది.

ఈరన్న సార్ కళ్ళద్దాలు తీశాడు. చొక్కా అంచుతో తుడిచాడు. మళ్ళీ పెట్టుకున్నాడు.

“మంచి ప్రశ్న. రేపు చెప్త,” అన్నాడు.

వనపర్తిలో మొట్టమొదట కంప్యూటర్ నేర్పిన వాళ్ళలో ఆయనొకడు. జబీన్ మౌస్ పట్టుకోవడం నేర్చుకుందే ఆయన దగ్గర. తర్వాత ఇన్‌స్టిట్యూట్ మూసేసి, వ్యాపారుల కంప్యూటర్లలో నడిచే ప్రోగ్రాములు రాసిచ్చి బతికాడు. పల్లీల దుకాణాల నుంచి రైస్ మిల్లుల దాకా ఎక్కడ చూసినా ఆయన ప్రోగ్రామే ఉండేది. ఇప్పుడు వాళ్ళంతా ఒక్కొక్కరే ఫోన్లలోకి, ఇంటర్నెట్‌లోకి వెళ్ళిపోయారు. చివరికి మిగిలింది గద్వాలలో రైతుల దగ్గర పత్తి విత్తనాలు కొనే వ్యాపారి శ్రవణ్ కుమార్ ఒక్కడే. ఏ రైతు ఎన్ని బస్తాలు తెచ్చాడో ఊళ్ళలో తిరిగేటప్పుడు కూడా తనకు ఫోన్లో కనబడాలని, దసరాలోపు కాకపోతే వేరేవాళ్ళను చూసుకుంటానని ఆయన కూడా చెప్పేశాడు. అదీ పోతే ఇక సార్ బతుకుదెరువుకు తాళమే.

పోనీ కొత్తవి నేర్చుకుందామంటే అన్నీ పొడి అక్షరాలాయె. జేసన్, రెస్ట్, ఓఆర్ఎం, సీఐ సీడీ... యూట్యూబ్‌లో ఒకదాని అర్థం వెతికితే, ఆ అర్థంలో మరో నాలుగు పొడి అక్షరాలు ఎదురొస్తాయి. ఎవరినైనా అడగమంటే ససేమిరా అన్నాడట. ఊరందరికీ నేర్పిన మనిషి, తన దగ్గర నేర్చుకున్న పిల్లల ముందు పోయి చేతులు కట్టుకుని కూర్చుంటాడా?

ఇదంతా జబీన్‌కు చెప్పింది సార్ భార్య బాలమణి. కరోనా అప్పటి నుంచి జబీన్ వనపర్తిలో అమ్మవాళ్ళింట్లోనే ఉండి ఆఫీసు పని చేసుకుంటోంది. బాలమణి ఒకరోజు ఆ ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

“ఆయన అన్నం సరిగ తింటలేడు బిడ్డా. నువ్వు నేర్పుతనంటే కూసోడు. నీకే డౌట్లు ఉన్నట్టు వచ్చి అడుగు. స్టూడెంట్ అడిగితే తెల్వదనడానికి ఆయనకు నోరు రాదు. ఎట్లనన్న చదువుకోని చెప్తడు.”

జబీన్‌కు భయమేసింది. సార్‌తో నాటకమా? పట్టుబడితే ఆయన జన్మలో తన మొహం చూడడు. అయినా కాదనలేకపోయింది. ఇన్నాళ్ళూ కంపెనీలో రిపోర్టులు మాత్రమే తయారు చేసేదాన్నని, ఇప్పుడు కొత్త పని అప్పగించారని సార్‌తో చెప్పి, రోజూ సాయంత్రం ల్యాప్‌టాప్ పట్టుకుని ఆయన ఇంట్లో హాజరయ్యేది.

ఏపీఐ గురించి అడిగిన మర్నాడు సార్ నిజంగానే చదువుకుని కూర్చున్నాడు. ఏపీఐ అంటే ఒక ప్రోగ్రాము మరో ప్రోగ్రామును అడిగి పని చేయించుకునే దారి అని మొదలుపెట్టి, సగం దూరం బాగానే వెళ్ళి, మిగతా సగం తప్పు చెప్పాడు. అయితే ఇది ఇట్లా ఎందుకు కావడం లేదని జబీన్ అమాయకంగా ఆ తప్పున్న చోటే వేలు పెట్టింది. సార్ గతుక్కుమన్నాడు. మళ్ళీ రేపు చెప్తానన్నాడు.

అలా సాగింది చదువు. ఏది ముందు తెలియాలో జబీన్ దాన్నే ముందు అడిగేది. తను రాసినదాంట్లో కావాలని తప్పులు పెట్టి తెచ్చేది. అవి దొరికితే సార్‌కు కోపం ముంచుకొచ్చేది, ఇంత చిన్నది చూసుకోవద్దా అని కసిరేవాడు. ఆ కసురు వింటే జబీన్‌కు ప్రాణం లేచొచ్చేది. చిన్నప్పుడు తనను భయపెట్టిన ఈరన్న సార్ మళ్ళీ కనబడుతున్నాడు మరి! ఉదాహరణ లేకపోతే తనకు అర్థం కాదని మొండికేసి, ఆ విత్తనాల ప్రోగ్రామునే ముక్క ముక్కగా ఆయన చేత కొత్తగా రాయించింది.

ఒక్కసారి మాత్రం పప్పులో కాలేసింది. సార్ టీ తేవడానికి లోపలికెళ్ళినప్పుడు ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. అక్కడెవరో ఏదో పాడుచేసి పెట్టారు. ఎక్కడ ఏది మార్చాలో గడగడా చెప్పేసి తలెత్తితే, సార్ రెండు గ్లాసులతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. జబీన్ గబుక్కున ఫోన్ పెట్టేసింది.

సార్ గ్లాసు అందించి, “మీ ఆఫీసోల్లు నిన్ను మస్తు పరేషాన్ చేస్తున్నరు గద,” అన్నాడు. “సరే, ఎక్కడిదాక వచ్చినం?”

పాపం, ఆయనకేమీ అర్థం కాలేదనుకుని ఊపిరి పీల్చుకుంది జబీన్.

దసరా ముందు వారం సార్ గద్వాల బస్సెక్కాడు. పొద్దంతా ఫోన్ లేదు. ఆఫీసు పని మీద మనసు నిలవక జబీన్ సాయంత్రం సార్ ఇంటికొచ్చి బాలమణి పక్కన కూర్చుంది. కాసేపటికి సార్ వచ్చాడు. చెప్పులు కూడా విప్పకుండా చెప్పడం మొదలుపెట్టాడు. శ్రవణ్ కుమార్ గోదాములో ఒక బస్తా తూకం వేయించి, అయిజలో ఉన్న తన తమ్ముడికి ఫోన్ చేసి ఆ తూకం నీ ఫోన్లో కనబడుతుందా అని అడిగాడట. కనబడుతుందన్నాడట. అప్పటికప్పుడు ఇంకో ఇద్దరు వ్యాపారులను పిలిచి చూపిస్తే, వాళ్ళు కూడా తమకు కావాలన్నారట.

“నీ డౌట్లే నన్ను బతికిచ్చినయ్ తల్లీ,” అని సార్ జబీన్ తల మీద చెయ్యి పెట్టాడు.

ఆ మాటకు ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. సార్ కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళగానే జబీన్ బాలమణి చెయ్యి పట్టుకుంది.

“ఆంటీ, నాకు బాధైతుంది. గంత మంచి మనిషికి ఇన్ని దినాలు అబద్ధం చెప్పిన. మన ఉపాయం సార్‌కు చెప్పేద్దాం.”

బాలమణి పెరటి వైపు ఒకసారి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

“గా ఉపాయం చెప్పి నన్ను నీ కాడికి పంపిందే ఆయన, బిడ్డా.”