ఎర్ర చుక్క

విజయనగరం దర్జీ పైడిరాజు మణికట్టు మీది చుక్క వారం రోజులుగా ఎర్రగానే ఉంది. ఆ కాలంలో అందరి చేతికీ అలాంటి చుక్క ఉండేది. ఒంట్లోని కణాలు చక్కెరను సరిగా వాడుకుంటే ఆకుపచ్చగా, వాడుకోక రక్తనాళాలు వాస్తే ఎర్రగా మారేది.

"ఏటి తినేసినావు?" అని భార్య సన్నెమ్మ నిలదీసింది.

"నీ మీదొట్టు, ఏటీ తిన్లేదు."

ఆమె నమ్మలేదు. లడ్డూల డబ్బాను బీరువాలో పెట్టి తాళం వేసి, మరో వారమంతా నిద్ర మానుకుని కాపలా కాసింది. అయినా ఎరుపు తగ్గకపోయేసరికి అతణ్ణి ఆసుపత్రికి లాక్కెళ్లింది.

డాక్టరమ్మ అతని పని గురించి అడిగి నవ్వింది. "పొద్దస్తమానం మిషను ముందు కూర్చుంటే కణాలు చక్కెరను ముట్టుకోవమ్మా. గంటకోసారి లేచి నడవమనండి. ఏదీ, మీ చెయ్యి చూపించండి."

సన్నెమ్మ గాజులు పైకి తోసింది. ఆమె చుక్క అతని చుక్క కంటే ఎర్రగా ఉంది.

"నిద్ర లేకపోయినా నాళాలు వాస్తాయి" అంది డాక్టరమ్మ.

ఎగతాళి చేయడానికి ఇంతకంటే మంచి అవకాశం దొరకదని పైడిరాజుకు తెలుసు. కానీ ఆమె కళ్ల కింది నలుపు చూసి చెయ్యి చాపాడు.

"తాళంచెవి నాకిచ్చి నువ్వు తొంగో. కాపలా నేను కాస్తాను" అన్నాడు.

సన్నెమ్మ తాళంచెవి ఇవ్వలేదు గానీ, ఆ రాత్రి ఒళ్లు మరిచి నిద్రపోయింది.