సాక్షి మట్టి

"మట్టి చీలిందా, లేదా? ఆ ఒక్కటి చెప్పు మత్తయన్నా."

మేస్త్రీ మద్దిలేటికి ఓపిక అయిపోయింది. కోయిలకుంట్ల దగ్గరి ఆ బండల గనిలోకి దిగడానికి ఇరవై ఆరు మంది గడారులు, సమ్మెటలు భుజాన వేసుకుని నిలబడి ఉన్నారు. కర్నూలులో కొత్త రాజధాని కట్టడాలకు బండలు తీసుకుపోవాల్సిన లారీ నంద్యాల నుంచి వచ్చి కాచుకుని ఉంది.

మత్తయి గని దరిమీద గొంతుక్కూర్చున్నాడు. అతని కాళ్ల ముందు, దరి పొడుగునా వేలు పట్టేంత నెర్రె. దానికి అడ్డంగా జానెడు వెడల్పున పూసిన ఎర్రమట్టి పట్టీ. గనిలో దాన్ని సాక్షి అంటారు. దరి కదిలితే నెర్రె విచ్చుకుంటుంది, పైన ఆరిన మట్టి చీలుతుంది. మట్టి చీలిన రోజు గనిలోకి ఎవడూ దిగడు. రోజూ చూసి ఆ మాట చెప్పాల్సింది మత్తయే.

"చీలల్యా," అన్నాడు మత్తయి.

"మరి ఏందీ నసుగుడు?"

"మొన్న వాన పడినప్పటి నుంచి కింద రాళ్లు రాల్తాండాయప్పా. ఈ దరి నాకు నచ్చల్యా. రెండు దినాలు ఆపు."

"నచ్చడానికి ఇదేమన్నా పెండ్లిచూపులా? ఆళ్లగడ్డ కంట్రాక్టరుకు ఏమని చెప్పాల? సాక్షిని పెట్టింది నువ్వు. అది బాగుండాదంటాంది, నువ్వు కాదంటాండావ్. ఎవుని మాట ఇనాల?"

"కొడుక్కు పెండ్లయి నెల కాలే. ముసలాయనకు భయం పట్టుకున్నెట్టుంది," అన్నారెవరో. నలుగురు నవ్వారు.

ఆ కొడుకు సామ్యేలు గుంపులో ముందే ఉన్నాడు. సిగ్గుతో వాడి మొహం నల్లబడింది. "పోనీ నాయనా. మట్టి బాగుంది కదా."

మత్తయి మళ్లీ వేళ్లతో తడిమాడు. వెంట్రుకంత చీలిక లేదు. పండగనాటి అరుగులాగా నున్నగా ఉంది. పన్నెండేండ్లలో ఆ మట్టి ఒక్కసారీ అబద్ధం చెప్పలేదు. మనిషి గుండెకేం, ఊరికే కూడా కొట్టుకుంటుంది.

"దిగండప్పా," అన్నాడు.

అందరికన్నా ముందు సామ్యేలే దిగాడు. కాసేపటికి అడుగు నుంచి సమ్మెట దెబ్బలు వినిపించాయి. మత్తయి అక్కడే కూర్చుని, ఒక్కో దెబ్బకూ దరి వైపు చూస్తూ ఉన్నాడు.

దరి మీది గుడిసెలోంచి కోడలు సరస్వతి సద్ది తెచ్చింది. గడివేముల రైతుల ఇంటి పిల్ల. పెండ్లికి ముందు గని మొహం చూసింది లేదు.

"తిను మామా. పొద్దెక్కింది."

మత్తయి ముద్ద చేతిలోకి తీసుకున్నాడు గానీ నోట్లో పెట్టుకోలేదు.

"మేస్త్రీ మళ్లా తిట్నాడా మామా?"

"తిడితే తిట్నాడ్లే. మట్టి చీలకుండా నిలబడింది. ఆ ధైర్యంతోనే దింపినా అందర్నీ."

సరస్వతి తల వంచుకుని నవ్వింది. చెప్పాలా వద్దా అన్నట్టు కొంగు అంచు వేలికి చుట్టుకుంది.

"నేనుండగా ఎట్ల చీలనిస్తా మామా? ఆపొద్దు నీళ్లకు పోతాంటే ఇన్నా, ‘మట్టి చీలిందంటే నీ పని అయిపోయినట్టే’ అని మేస్త్రీ నిన్ను అంటాండె. మూడు దినాల నుంచి రోజూ చీలతానే ఉంది. బేగా ఆరతాదని పొయ్యి బూడిద కలిపి, నువ్వు లేయకముందే నేనే అలికి పోతాండా."