ఏటికి పోసిన మంచినీళ్ళు

పరీక్షకి పట్టే సీసాల్లోని ఏటి నీళ్ళు పారబోసి వాటిలో తమ ఇంటి ఫిల్టరు నీళ్ళు నింపాలన్న ఆలోచన మేనేజరుకి పళ్ళు తోముకుంటుండగా వచ్చింది. నోట్లో నురగతోనే వంటింట్లోకొచ్చి భార్యకి చెప్పాడు.

“ఏట్లో విషం కలిపేది మీరు, దానికి మంచినీళ్ళు పట్టేది నేనూనా?” అందావిడ. ఆ తర్వాత, “ఎన్ని క్యాన్లు?” అని అడిగింది.

ఆ అద్దకం ఫ్యాక్టరీ అతని బావగారిది. అక్కని చేసుకున్న పాపానికి ఆయన ఇతన్ని తెచ్చి మేనేజరు కుర్చీలో కూర్చోబెట్టాడు. కుర్చీకి చక్రాలున్నాయి గనక అప్పుడప్పుడూ కదిలేవాడు. ఫ్యాక్టరీ వదిలే నీళ్ళు తిన్నగా ఏట్లోకే పోతాయి. ఈ ఏడు ఏ రంగు బట్టలు అమ్ముడుపోతాయో ఊళ్ళో ఆడవాళ్ళు ఏటిని చూసి చెప్పేవారు. ఈ నెల పండుమిరప రంగు.

కాలుష్యం ఆఫీసు నుంచి ఎవరో నీళ్ళు పట్టుకోవడానికి వస్తున్నారని ముందురోజు తెలియగానే బావగారు ఫోను చేశాడు.

“ఫ్యాక్టరీకి తాళం పడిందంటే నువ్వుంటున్న ఇంటికీ పడుతుంది. అదీ నేను కొనిచ్చిందే. ఈసారి మీ అక్క ఏడ్చినా విననోయ్.”

వచ్చింది ఒక నడివయసు మేడం. చూడ్డానికి పిల్లలకి ట్యూషన్ చెప్పుకునే పంతులమ్మలా ఉంది. ఏటి ఒడ్డున ఆమెకి గొడుగు పట్టాడు మేనేజరు. ఆమె వంగి గోధుమరంగు గాజు సీసాలు ఒక్కొక్కటీ ముంచి నింపింది. రంగు బయటికి కనబడని సీసాలు తెచ్చినందుకు అతను ఆమెకి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాడు.

“అసలీ నీళ్ళెందుకు పడుతున్నామంటేనండీ...” అంటూ మొదలుపెట్టిందామె.

“నాకు చెప్పాలా మేడం? ఈ కుర్చీలో జుట్టు నెరిసింది” అని అడ్డుపడ్డాడు.

ఆఫీసు గదిలో సీసాలు బల్లమీద పెట్టి, చేతులు కడుక్కొచ్చి సీళ్ళు వేస్తానని ఆమె లోపలికి వెళ్ళింది. అక్కడ మేనేజరు భార్య సబ్బుతో, తువ్వాలుతో, కాఫీతో, ఆపైన తన నడుం నొప్పి కథతో కాచుకుని ఉంది. ఇవతల మేనేజరు సీసాలన్నీ కిటికీ అవతలి పూలకుండీల్లో ఒంపేశాడు. మొక్కలు తనవైపు అదోలా చూసినట్టనిపించింది. గబగబా ఫిల్టరు నీళ్ళు నింపి, చెమట తుడుచుకుని, ఏమీ ఎరగనట్టు పేపరు చదువుతూ కూర్చున్నాడు.

మేడం తిరిగొచ్చి ఒక సీసా ఎత్తి చూసింది. మూత తీసి వాసన చూసింది.

“ఇవి మీ ఏటి నీళ్ళే కదండీ?”

“మరెవరివి మేడం, మా ఇంట్లోవా?” అని పకపకా నవ్వాడతను. గుమ్మంలో అతని భార్యకి పొలమారింది.

“అయితే మీ ఎదుటే పట్టినట్టు ఇక్కడో సంతకం పెట్టండి.”

సంతకం కింద అడక్కపోయినా రెండు గీతలు కూడా గీశాడు.

వానాకాలం వెళ్ళేసరికి ఫలితం వచ్చింది. ఏటి నీళ్ళు నిక్షేపంగా తాగొచ్చట. బావగారు స్వయంగా ఇంటికొచ్చి అతన్ని కౌగిలించుకున్నాడు. “నీకు బుర్ర లేదని ఇన్నాళ్ళూ మీ అక్కతో పోట్లాడానురా” అని కళ్ళు ఒత్తుకున్నాడు. కొన్నాళ్ళు మేనేజరు కాళ్ళు నేలకి ఆనలేదు. భార్యతో కూడా బంట్రోతు చేతికి సూట్‌కేసు అందిస్తున్నట్టు మాట్లాడేవాడు.

అంతలో కాలుష్యం ఆఫీసు నుంచి ఆర్డరు వచ్చింది. దాంతోపాటే బావగారి ఫోనూ వచ్చింది.

“ఇకమీదట మన గొట్టంలోంచి వచ్చే నీళ్ళు తాగేలా ఉండాలట. మరి బట్టలకి రంగెయ్యడం మానేసి ఉతికి అమ్ముకోమంటావా? పక్క ఏటి మీది ఫ్యాక్టరీవాడికి ఇందులో సగం గట్టి హద్దు కూడా పెట్టలేదు. మనమీదే ఎందుకీ కక్షో వెళ్ళి కనుక్కో. సంగతి తేల్చకపోతే అటునుంచి అటే పో.”

మేనేజరు ఆదరాబాదరా కాలుష్యం ఆఫీసుకి పరిగెత్తాడు. మేడం ఫైళ్ళు పక్కకి జరిపి కూర్చోమంది. అతను కూర్చోలేదు.

“ఏటికో హద్దా మేడం? న్యాయమేనా? మా పొట్టమీద కొట్టే ఈ హద్దు అసలు పెట్టిందెవరు?”

“మీరేనండీ” అందామె నెమ్మదిగా. “ఆవేళ పట్టింది మీ తప్పు పట్టడానికి కాదు. ఏరు ఇప్పుడెంత శుభ్రంగా ఉందో చూసి, ఇకపై ఎవరూ అంతకన్నా చెడగొట్టకూడదని హద్దు గీయడానికి. కాదూ, ఆ సీసాల్లోవి మా ఏటి నీళ్ళే కావంటారా, ఆ ముక్కే రాసి సంతకం పెట్టివ్వండి, రేపే వచ్చి మళ్ళీ పట్టుకుంటాను.”