హంతకుడికి పిల్లనెవరిస్తారు?

ఈ ఆదివారం శశిధర్ కట్టుకున్న భార్యను చంపాడు. కిందటి ఆదివారం అత్తగారిని బావిలో తోశాడు. అంతకు ముందు వారం సొంత అన్నను గొడ్డలితో నరికి, నింపాదిగా బీడీ ముట్టించాడు.

తల్లి లక్ష్మమ్మ అన్నీ టీవీలో చూసింది. "ఆ మీసమన్న తీసేయరాదురా! నీకు పిల్లనెవరిస్తరు?" అని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

మొయినాబాద్ కుర్రాడు శశిధర్‌ది హైదరాబాద్‌లో ఒక వార్తా చానెల్‌లో లైట్లు పట్టుకునే ఉద్యోగం. ఆ చానెల్‌కు వార్తలంటే నేరాలే. హత్య జరిగిందని ఊరికే చెబితే ఎవరు చూస్తారు? అందుకని మళ్లీ నటింపజేసి మరీ చూపిస్తారు. బుర్రమీసం, గుడ్లురిమే కళ్లు, నుదుటిమీద గాటు. ఇంతటి ముఖం ఆఫీసులోనే ఉండగా బయటి నటులెందుకని, హంతకుడి వేషమల్లా శశిధర్‌కే కట్టబెట్టారు. తెర అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో 'ఊహాత్మక చిత్రీకరణ' అని వేస్తారులెండి. అది చదివిన మహానుభావుడు చేవెళ్ల నుంచి మొయినాబాద్ దాకా ఒక్కడూ లేడు.

దాంతో శశిధర్ ఎక్కితే చాలు, చిల్కూరు ఆటోలో పక్కవాళ్లు గుడి రాకముందే దిగిపోయేవారు. కిరాణా కొట్టు ఎల్లేశ్ అయితే ఎంతో మర్యాదగా, "జైల్లకెళ్లి ఎప్పుడొచ్చినవన్నా?" అని అడిగాడు. వచ్చిన సంబంధాలన్నీ ఫొటో చూసి వెనక్కి పోయాయి.

అలాంటిది, చేవెళ్ల జనార్దన్ పటేల్ తనంతట తానే కబురు పంపాడు. "పిల్లగాన్ని చూడనీకె వస్తున్న" అని. మామూలు మనిషి కాదు. శంకర్‌పల్లి తోవలో ఆయన భూముల చుట్టూ రియల్ ఎస్టేట్ వెంచర్లు లేచాయి. తన పొలం హద్దురాళ్లు జరుగుతున్నాయని కోర్టు చుట్టూ తిరగడమే ఆయనకున్న ఒకే ఒక్క దిగులు. కూతురు అనూహ్య గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు.

అనూహ్య ఫొటో చూసినప్పటి నుంచి శశిధర్‌కు అన్నం సయించడం లేదు. ఈ పిల్ల కూడా తప్పిపోతే ఇక పెళ్లి మాటే ఎత్తనన్నాడు. లక్ష్మమ్మ ముందు జాగ్రత్తగా కేబుల్ వైరు పీకేసింది.

జనార్దన్ వచ్చాడు. వెంట సంబంధాలు కుదిర్చే రామన్న. మంచినీళ్ల గ్లాసు అందుకోకముందే జనార్దన్ అమెరికా మీద పడ్డాడు.

"నిన్న చర్చ చూసినవా చెల్లె? అమెరికా మొత్తం ఖరాబైంది!"

శశిధర్ పనిచేసే చానెల్‌దే ఆ చర్చ కూడా. హత్య అయిపోగానే 'అమెరికా ఎటు పోతోంది?' అని నలుగురు మేధావులు గొంతు చించుకుంటారు. వాళ్లలో ఒకాయన శంషాబాద్ ఎయిర్‌పోర్టు దాకా వెళ్లొచ్చాడు. అదీ బామ్మర్దిని దింపడానికి.

"పెండ్లి లేకుండనే కలిసుంటరట. గిదేం చూసినవ్, జైల్ల ఉన్న ఖూనీకోరుకు ఆడపిల్లలు ప్రేమ ఉత్తరాలు రాసి పెండ్లి చేసుకుంటరట! థూ! ఇజ్జత్ లేని దేశం!"

"మనకాడ గట్ల నడుస్తదా అన్నా" అంది లక్ష్మమ్మ.

జనార్దన్ చూపు శశిధర్ మీద ఆగింది.

"బాబూ, నిన్ను టీవీల చూసినట్టున్నది."

రామన్న చాయ్‌లో ముంచిన బిస్కెట్ ముంచినట్టే పట్టుకుని ఉండిపోయాడు. అది కాస్తా విరిగి మునిగిపోయింది.

"బావి కేసు నీదే గదా?"

"అవును మామా, గానీ..."

"వకీలెవరు?"

"వకీలా?"

"బెయిల్ జల్ది దొరికిందా? పోలీసోళ్లు ఇప్పటికీ ఇంటికొస్తున్నరా?"

లక్ష్మమ్మ ఇక ఆగలేకపోయింది.

"నీ కాళ్లు మొక్కుత అన్నా! గదంత ఉత్త యాక్టింగు! మావోడు కోడిని కోస్తుంటేనే కండ్లు తిరిగి పడిపోతడు!"

"నాకు చెప్తున్నవా? గొడ్డలి పట్టిన తీరు చూస్తే తెల్వదా?"

దాచి లాభం లేదనుకున్నాడు శశిధర్. చానెల్ గుర్తింపు కార్డు తెచ్చి చేతిలో పెట్టాడు. సెల్‌ఫోన్‌లో షూటింగ్ వీడియో చూపించాడు. నరికించుకున్న అన్న లేచి కూర్చుని సమోసా తింటున్నాడు. చచ్చిన అత్త బావిలోంచి "తువ్వాల ఇయ్యిరా!" అని తిడుతోంది. నెత్తుటి సీసా మీద టమాటా బొమ్మ ఉంది.

చూస్తుండగానే జనార్దన్ ముఖం వాడిపోయింది.

"అయితే ఎవ్వరిని సంపలేదా?"

"లేదు మామా."

"కొట్లాట కేసు గూడ లేదా?"

"దేవుని తోడు మామా, ఒక్కటి గూడ లేదు!" శశిధర్ ఛాతీ విరుచుకుని చెప్పాడు. గండం గడిచిందనుకుని లక్ష్మమ్మ మిఠాయి కోసం వంటింట్లోకి పరుగెత్తింది.

ఆమె వచ్చేసరికి జనార్దన్ కుర్చీలో లేడు. కండువా దులిపి భుజాన వేసుకుని జీపు దగ్గరికి నడుస్తున్నాడు. రామన్న చెప్పులు కూడా వేసుకోకుండా వెంటపడ్డాడు.

"పటేలా! ఆగుండ్రి! ఇంత రుజువు చూపించినంక గూడ పిల్లగాన్ని నమ్మకపోతే ఎట్ల?"

జనార్దన్ జీపులో కాలు పెట్టి, ఏడుపు గొంతుతో అన్నాడు. "నమ్మిన గాబట్టే పోతున్న రామన్నా, నా హద్దురాళ్లు పీకే వెంచరోళ్లు గజగజ వణకాలె అని అసలు సిసలు హంతకున్ని అల్లున్ని చేసుకుందామని వస్తే, నాటకాలేసేటోన్ని నాకు అంటగడ్తున్నవా?"